ఉప్పు తగినంత

తార్నాక
9 ఫిబ్రవరి 1969

సారలా,

నీ మీద కోపం తగ్గాక రాద్దామని ఆగాను. అది తగ్గే రకం కాదని తేలిపోయింది. అందుకే రాసేస్తున్నాను.

మా డాబా ఎక్కితే నువ్వు రీసెర్చి చేస్తూ ఉంటున్న హాస్టల్ నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. అయినా ఈ కవరు సికింద్రాబాద్ దాకా పోయి, ముద్ర గుద్దించుకుని, వెనక్కి తిరిగొచ్చి నీ చేతికందాలి. మైలు దూరానికి మూడు రోజుల ప్రయాణం. ఏం చేయను? ఈ తెలంగాణ గొడవలు సద్దుమణిగేదాకా క్యాంపస్ వైపు వెళ్ళొద్దని నాన్న గట్టిగా చెప్పారు. నువ్వా, ఇటు రావడమే మానేశావు.

సోమవారం చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. మీ ఊరేగింపు వచ్చింది. ముందు వరసలో నువ్వే. "మా వంతు మాకియ్యాలె, బయటోళ్లు పోవాలె" అని చెయ్యెత్తి అరుస్తున్నావు. నన్ను చూశావు. చూసి కూడా ఆ చెయ్యి దించలేదు. ఎమ్మెస్సీ రెండేళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. నేనెప్పుడు బయటిదాన్నయ్యానే?

ఉన్నమాట చెబుతాను. నా ఉద్యోగం ఊడేలా ఉంది. రెండేళ్లుగా ఆ కాలేజీలో టెంపరరీగా లెక్కలు చెబుతున్నానా, ఇక ఆ పోస్టు ముల్కీలకే, అంటే ఇక్కడివాళ్ళకే అంటున్నారు. ఇక్కడిదాన్ని అనిపించుకోవాలంటే పదిహేనేళ్లు ఉండాలట. నాన్నకు రైల్వేలో గుమాస్తా పని దొరికి మేం బాపట్ల నుంచి వచ్చి పన్నెండేళ్లు. అంటే అయిదింట నాలుగు వంతులు నేను తార్నాక పిల్లనే. మిగిలిన ఒక్క వంతు కోసం మనిషినంతా పంపించేస్తారా? నువ్వు లెక్కలు చదివినదానివి, చెప్పు.

ఇంకో పని కూడా ఉంది. సూర్యనారాయణ మాస్టారు మనిద్దరికీ అప్పజెప్పిన పాఠం మర్చిపోయావా? తెలుగు మీడియం పిల్లల పుస్తకానికి 'అనుపాతం'. జనం మామూలుగా ఆ మాటను ఎలా వాడతారో ముందు చెప్పి, తర్వాత లెక్కల్లోకి దిగమన్నారు. మొదటి సగం నీది. ఊరేగింపుల మధ్య తీరిక దొరికితే రాసి పంపు.

ఎస్తేరు


లేడీస్ హాస్టల్, యూనివర్సిటీ క్యాంపస్
17 ఫిబ్రవరి 1969

ఎస్తేరూ,

చెయ్యి దించలేదు. నిజమే. దించి ఉంటే నీకు అబద్ధం చెప్పినట్టయ్యేది. నేను అరుస్తున్నది నాకు సబబే అనిపిస్తున్నది.

నీకెప్పుడూ చెప్పలేదు. ఆరో తరగతిలో నేను లేచి "ఏంది సార్?" అన్నందుకు మా సారు క్లాసంతటి చేత నవ్వించిండు. ఆయన మీ వైపు నుంచి వచ్చినవాడు. ఆ ఏడాదంతా నేను బడిలో నోరు తెరవలేదు. మా తాలూకాలో డిగ్రీ చదివిన ఆడపిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లకి ఉద్యోగాల్లేవు. మా వంతు అడగడం తప్పైతే తప్పే అనుకో. నీ ఉద్యోగం పోవాలని మాత్రం నేనెక్కడా అనలేదు. అట్లా అన్నట్టు రాయకు.

పాఠం మొదలు ఇదిగో. మా నాయన వెంకటనర్సయ్య ఎన్నడూ అనుపాతం అనడు, దామాషా అంటడు. మా ఊళ్లో కుంట నీళ్లు ఎకరాల దామాషాన పంచుతరు. రెండెకరాలోనికి ఎంతసేపు తూము తీస్తరో నాలుగెకరాలోనికి దానికి రెట్టింపు సేపు. ఇంతకన్నా మంచి ఉదాహరణ మీ కృష్ణా కాలువల్లో ఉంటే నువ్వే రాయి.

అయితే వానలు సరిగా పడని ఏడు ఆ దామాషా పనిచేయదు. ఉన్న కాసిని నీళ్లు అందరి మళ్లకూ వదిలితే ఏ మడీ సరిగా తడవదు, ఎవరికీ గింజ దక్కదు. అందుకని ఊరంతా కూర్చొని తూము దగ్గరి మళ్లు మాత్రమే నాటుతరు. అవి ఎవరివైనా సరే. పండిన వడ్లను మాత్రం ఎకరాల దామాషాన అందరూ పంచుకుంటరు. మా నాయన మడి తూముకు దూరం. కరువు ఏళ్లలో మేం పక్కోళ్ల మడి మీదనే బతికినం. ఇది పాఠంలో పడుతుందో లేదో నువ్వు చూడు.

మీ నాన్నగారికి నా నమస్కారాలు. తీసుకుంటారో లేదో తెలియదు.

సారలమ్మ


తార్నాక
12 మార్చి 1969

సారలా,

నీ ఆరో తరగతి సంగతి చదివి అమ్మకు వినిపించాను. అమ్మ "ఆ సారుకు ఎవరూ బుద్ధి చెప్పలేదా?" అంది. నాకూ అదే అనిపించింది. కానీ నా కోపం పోలేదు. ఆయనెవరో చేసినదానికి నేను సామాను సర్దుకోవడం ఏ లెక్కలో వస్తుంది?

కుంట నీళ్ల ఉదాహరణ చాలా బావుంది. కరువు ఏటి సంగతి మాత్రం పిల్లలు తికమకపడతారని పక్కన పెట్టాను. రెండో సగంలో నేనిలా రాశాను. ఒకటి పెరిగితే రెండోదీ పెరిగే ప్రతిదాన్నీ మనం మాటల్లో 'దాన్నిబట్టి ఇది' అనేస్తాం. లెక్కల్లో అది చాలదు. ఒకటి రెట్టింపైతే రెండోది సరిగ్గా రెట్టింపు కావాలి. పదేళ్ల పిల్ల నాలుగడుగులుంటే ఇరవై ఏళ్లకు ఎనిమిదడుగులు కాదు కదా! పిల్లలు నవ్వుతారు, గుర్తు పెట్టుకుంటారు.

ఇప్పుడు నా ప్రశ్న. వంద ఉద్యోగాలుంటే ఇన్ని మీకు, ఇన్ని మాకు అని పంచవచ్చు. నాకు గణితం డిపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఒక్క కుర్చీ. దానికి కూడా ఒక కాలు పొట్టి. పాత బస్సు టిక్కెట్లు మడిచి కింద పెట్టుకుని కూర్చుంటున్నాను. ఈ ఒక్క కుర్చీని ఏ నిష్పత్తిలో కోస్తావు?

నువ్వడిగిన పులిహోర సంగతి. దీక్షా శిబిరం దగ్గరికి వచ్చేవాళ్ల కోసం హాస్టల్ పిల్లలే వండాలని, మీలో ఎవరికీ వంట రాదని మా తమ్ముడు చిన్నోడితో కబురు పంపావు. నాన్న విని లేచి బయటికి వెళ్లిపోయారు. "మనల్ని పొమ్మనేవాళ్లకు మనమే వండిపెట్టాలా?" అని గుమ్మంలో ఒక్కమాట అన్నారు. అమ్మ మాత్రం "ఆకలికి ఊరేంటి?" అని చెప్పడం మొదలుపెట్టింది. ఎనిమిదిమందికి: కిలో బియ్యం, నీళ్లు రెండింతలు, పెద్ద నిమ్మకాయంత చింతపండు రెండు ముద్దలు, పచ్చిమిరపకాయలు పన్నెండు, పులుసు చిక్కబడేదాకా ఉడకాలి. ఉప్పు తగినంత.

"తగినంత అంటే ఎంతమ్మా? సారల లెక్కలమ్మాయి, అంకె కావాలంటుంది" అన్నాను. "తగినంత అంటే తగినంతే. వేశాక తెలుస్తుంది" అంది. చివరికి అమ్మ గుప్పిట విప్పించి చెంచాతో కొలిచాను. రెండున్నర చెంచాలు.

ఎస్తేరు


లేడీస్ హాస్టల్
21 ఏప్రిల్ 1969

ఎస్తేరూ,

నవ్వకుండా చదువుతానని మాటిస్తేనే ముందుకు పో.

రెండు వందల మందికి వంట. ఎనిమిది ఇరవై అయిదులు రెండు వందలు. గణితం ఎమ్మెస్సీ చేసిన నేను, నా రూమ్మేటు సోమమ్మ, ఇద్దరం కాయితం తీసుకొని అన్నింటినీ ఇరవై అయిదుతో హెచ్చించినం. త్రైరాశికం అంత చక్కగా నేనెన్నడూ చేయలేదు. మొదటి తగువు చింతపండు దగ్గర. నిమ్మకాయంతకు ఇరవై అయిదు రెట్లంటే ముద్ద అడ్డంగా ఇరవై అయిదు రెట్లు ఉండాల్నా, బరువు ఇరవై అయిదు రెట్లు ఉండాల్నా? సోమమ్మ అడ్డం కొలత అన్నది. ఆమె మాట వింటే హాస్టల్ గదికి సరిపడా చింతపండు కావాలి. బరువే ఖాయం చేసినం. అక్కడిదాకా మేం చాలా తెలివైనవాళ్లం.

తర్వాత నీళ్లు. రెండింతలు అంటే రెండింతలు పోసినం. పెద్ద గంగాళంలో ఆవిరి మీ ఇంటి గిన్నెలో పోయినట్టు పోదని మాకెవరు చెప్పాలి? పైన అన్నం జావ అయింది. అడుగున బొగ్గయింది. పులుసు ఎంతకూ చిక్కబడదు, బయట జనం పళ్లాలు పట్టుకొని ఉన్నరు. ఇక ఆగలేక పల్చటి పులుసే గుమ్మరించినం. అడుగు మాడింది తీసేస్తే మిగిలిన సగం అన్నానికి మొత్తం ఉప్పు, మొత్తం మిరపకాయలు పట్టినయి. మొదటి ముద్ద పెట్టుకున్నోడి మొహం నీకు చూపియ్యాలె.

"గీ లెక్క ఎవరిచ్చిన్రు?" అని ఒకడు అడిగిండు. సోమమ్మ అమాయకంగా తార్నాకలో ఎస్తేరు వాళ్లమ్మ అన్నది. అంతే. "ఆంధ్రామెనా? ఇంకేంది, కావాల్నని చేసింది!" అని నలుగురు లేచిన్రు. వాడు మీ ఇంటి అడ్రసు కూడా అడుగుతున్నడు. నాకు ఒళ్లు మండిపోయింది. గరిటె అక్కడే పారేసి అరిచిన: "ఆమె ఎనిమిదిమందికే చెప్పింది. రెండొందలకు లెక్క కట్టింది నేను. తప్పు నాది. అడ్రసు కావాల్నంటే నాదే రాసుకో!" అందరూ నన్ను తేరిపార చూసిన్రు. తర్వాత ఎవరో నవ్విన్రు. ఎక్కడినుంచో మజ్జిగ కుండ తెచ్చి ఆ జావలో కలుపుకొని తాగిన్రు. ఇప్పుడు క్యాంపస్‌లో దాని పేరు ఎమ్మెస్సీ పులిహోర.

మీ అమ్మగారికి చెప్పు, రెసిపీలో ఏ తప్పూ లేదు. పాఠంలో నీ ఎనిమిదడుగుల పిల్ల పక్కన ఈ పులిహోరను కూడా చేర్చు. నా పేరు రాయకు.

ఇంకో సంగతి ఉన్నది. చెయ్యి నొప్పి పుడుతున్నది, మళ్ళీ రాస్తాను.

సారలమ్మ


తార్నాక
8 జులై 1969

సారలమ్మా,

నన్ను రిలీవ్ చేశారు. కాయితం పోయిన శుక్రవారం ఇచ్చారు.

బీరువా తాళాలు అప్పజెప్పడానికి వెళ్తే ప్రిన్సిపాల్ మేడం జాలిగా చెప్పారు, నా చోట నిన్ను రమ్మని మార్చిలోనే అడిగారట. ఆలోచించుకుని చెబుతానన్నావట. నాకు తెలుసనుకుని ఆమె చెప్పారు. నాకూ తెలిసినట్టే తల ఊపి బయటికి వచ్చాను.

ఇంటికొచ్చి నీ ఏప్రిల్ ఉత్తరం తీశాను. పులిహోరకు నాలుగు పేజీలు. నా ఉద్యోగానికి 'ఇంకో సంగతి ఉన్నది'. అనుపాతం మీద పాఠం రాస్తున్న మనిషివి, దేనికి ఎంత చోటివ్వాలో నీకు తెలియదా? ఆ ఉత్తరం చదివి అమ్మా నేనూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఒళ్లంతా చిరాగ్గా ఉంది. నన్ను నవ్వించి పక్కకు తిప్పావా?

మా ఇంటి కోసం నలుగురి మధ్య అరిచావు. దానికి నీకు రుణపడి ఉంటాను. కానీ నాతో ఒక్కమాట చెప్పడానికి ఎందుకు నోరు రాలేదు?

ఎస్తేరు


లేడీస్ హాస్టల్
14 జులై 1969

ఎస్తేరూ,

నాలుగుసార్లు రాసి చించేసిన. గదిలో కూర్చోలేకపోతున్న, ఆర్ట్స్ కాలేజీ మెట్లదాకా పోతున్న, మళ్ళీ వస్తున్న. సోమమ్మ నన్ను చూసి విసుక్కుంటున్నది.

పక్కకు తిప్పడానికి రాయలేదు. నాలుగు పేజీలూ ఆ ఒక్క మాట రాయడానికి ధైర్యం కూడదీసుకుంటూ రాసిన. చివరికి ధైర్యం రాకముందే కాయితం అయిపోయింది. నీకు చెబితే నువ్వు "తీసుకో" అంటావని ఒక భయం, "వద్దు" అంటావని ఇంకో భయం. నాకు ఆ ఉద్యోగం కావాలె, ఎస్తేరూ. ఎంతగానో కావాలె. నీ చోటు తప్ప ఇంకేదైనా అయితే ఎగిరి గంతేసేదాన్ని.

మొన్న మా నాయన వచ్చిండు. ఎవరో చెప్పినట్టున్నరు. "మన బిడ్డ కాలేజీల చెప్తదట" అని ఊరంతా తిరిగిండట. ఆయనకు చాయ్ తాగించి బస్సెక్కించి వచ్చిన.

కానీ నిర్ణయించుకున్న. రేపు పోయి నాకు వద్దని రాసిస్తా. ఊరేగింపులో చెయ్యెత్తిన, ఎత్తుతనే ఉంటా. కానీ నువ్వు లేచిన కుర్చీలో కూర్చోను. అది నావల్ల కాదు.

సారలమ్మ


తార్నాక
17 జులై 1969

సారలా,

ఈ ఉత్తరాన్ని పోస్టులో వెయ్యను, సికింద్రాబాద్ పోయి వచ్చేలోగా నువ్వు చేస్తానన్న మూర్ఖపు పని చేసేస్తావు. మా చిన్నోడిని సైకిల్ మీద పంపుతున్నాను. ఇప్పటికే రాసిచ్చి ఉంటే వెంటనే పోయి ఆ కాయితం వెనక్కి తీసుకో.

నువ్వు వద్దంటే ఆ కుర్చీ నాకు తిరిగొస్తుందా? రాదు. ఖాళీగా ఉంటుంది, లేదంటే ఇంకెవరో వస్తారు. నా కోసమని నువ్వు చేసే ఈ త్యాగంతో నాకు దక్కేది సున్నా, మీ నాయనకు పోయేది అంతా. ఇదేనా నువ్వు నేర్చుకున్న దామాషా?

మీ కుంట సంగతి పిల్లలు తికమకపడతారని పక్కన పెట్టాను కదా. తికమకపడింది నేనే. ఈ ఏడు నీళ్లు ఒక్క మడికే ఉన్నాయి. ఆ మడి నీదైంది, నాది కాలేదు. నాకు ఏడుపొస్తోంది, ఇది న్యాయమని నేను చచ్చినా ఒప్పుకోను. కానీ తడిసే మడిని కూడా నా మీద ప్రేమతో ఎండబెడతానంటావేంటే? నాటు. పండించు. నా పాలు నాకు పంపు.

నా పాలు ఏంటంటావా? నీ క్లాసులో ఏ పిల్ల ఏ యాసలో ప్రశ్న అడిగినా ఎవరూ నవ్వకూడదు. మీ ఊరి యాసైనా, మా ఊరి యాసైనా. అది ఒకటి. పాఠం మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. అది రెండు.

నేను తెనాలి వెళ్తున్నాను. అక్కడ మిషన్ స్కూల్లో లెక్కల టీచరు కావాలట, పిన్ని రమ్మంటోంది. అమ్మా నాన్నా ఇక్కడే ఉంటారు, రైల్వే వాళ్ల జోలికి ఎవరూ రారు. అమ్మ బియ్యం డబ్బా దగ్గర నిలబడి ఏడుస్తోంది. నిన్ను క్షమించానని అనుకోకు. ఇంకా కోపంగానే ఉన్నాను. స్టేషన్‌కు రాకు, చూస్తే వెళ్లలేను.

పీయూసీ వాళ్లు విలోమానుపాతం దగ్గర ఆగారు. అక్కడినుంచి మొదలుపెట్టు.

ఎస్తేరు


యూనివర్సిటీ క్యాంపస్
15 డిసెంబర్ 1969

ఎస్తేరూ,

ఈసారి ముఖ్యమైన సంగతి ముందు రాస్తున్న. నేను ఆ ఉద్యోగంలో చేరిన. చేరి నెల దాటింది. రాయడానికి ఇన్ని రోజులు పట్టింది, తిట్టు.

రెండో ముఖ్యమైన సంగతి. పాఠం అచ్చుకు పోతున్నది. మీదికి పంపేటప్పుడు ఇక్కడ ఉద్యోగంలో ఉన్న నా పేరు చాలన్నరు ఎవరో. ఇద్దరి పేర్లూ ఉంటే ఉంచండి, లేకుంటే కుంట నీళ్లు, పులిహోర, అన్నీ వెనక్కి తీసుకుంటానన్న. సూర్యనారాయణ మాస్టారు నా వైపు నిలబడ్డరు. నీ పేరు ముందు, నా పేరు వెనక. అక్షరక్రమం అని చెప్పిన. ఎవరూ కాదనలేకపోయిన్రు.

కాలేజీలు తెరిచినరు. మొదటి రోజు క్లాసుకు పోతే వెనక బెంచీలో ఒక పిల్ల లేచి "ఎస్తేరు మేడం ఎప్పుడొస్తరు?" అన్నది. రారమ్మా అన్న. "మరి మీరొచ్చిన్రు గనుక ఆమె పోయిందా?" అన్నది. ఎవరో కిసుక్కుమన్నరు. నవ్వొద్దన్న. అది మంచి ప్రశ్న అన్న. అవునని జవాబు చెప్పిన. తర్వాత విలోమానుపాతం మొదలుపెట్టిన. నీ పాలు మొదటి విడత ఇట్లా ముట్టింది అనుకో.

నీ కుర్చీలోనే కూర్చుంటున్న. బస్సు టిక్కెట్ల మడత అట్లనే ఉన్నది. ఊడ్చే ఆమె తీసేయబోతే వద్దన్న.

మీ నాన్నగారు చౌరస్తాలో కనిపించిన్రు. నేనే నమస్తే పెట్టిన. ఆయన నిలబడి, "తెనాలిలో చలి తక్కువట" అన్నరు. అంతే అని నడిచిపోయిన్రు. నాకు అదే పెద్ద మాట.

మైలు దూరాన ఉన్నప్పుడు నీ ఉత్తరం మూడు రోజులకు వచ్చేది. తెనాలి నుంచి మీ అమ్మకు రెండు రోజుల్లో వస్తున్నదట. నాకు ఒక్కటీ రాలేదు. రాయి. కోపంగానే రాయి.

ఆదివారం హాస్టల్ గదిలో స్టవ్ మీద మీ అమ్మగారి పులిహోర వండుకున్న. ఎనిమిదిమంది లెక్కను ఎనిమిదితో భాగించిన. బియ్యం, నీళ్లు, చింతపండు, మిరపకాయ, అన్నీ. ఉప్పు మాత్రం చెంచాతో కొలవలేదు. వేళ్లతో తీసి, రుచి చూసి, ఇంకొంచెం వేసిన. తగినంత అంటే ఎంతో నాకు మొదటిసారి తెలిసింది. ఎక్కడా తప్పు పోలేదు, ఎస్తేరూ. అచ్చం మీ ఇంటి రుచే వచ్చింది. ఒక్క ముద్ద తిని, ఇంక తినలేక మూత పెట్టిన.

నీ
సారల